నూట ముప్పై ఎనిమిది కిలోలకి ఒక సైకిలు

కొనేముందు తొక్కి చూస్తున్న నీలం సైకిలు వెనక చక్రంలో మూడు స్పోకులు ఒకదాని వెంట ఒకటి టపటపమని తెగిన చోట పోయిన వారం భాగంలో మనం కాటాయన్ని వదిలేశాం. ఎత్తు సందు సగంలో ఉన్నాడాయన. కింద పడలేదు. పడి ఉంటే బాగుండేదని తర్వాత ఆయనకే అనిపించింది, పడినవాడి మీద జనం కాస్త జాలైనా చూపిస్తారు. రెండు కాళ్ళ మధ్య బండిని ఇరికించుకుని, గాలికి ఊగుతున్న తలుపు రెక్కలా కాసేపు అలా నిలబడి, తర్వాత దాన్ని నడిపించుకుంటూ సైకిళ్ళ దుకాణానికి తిరిగొచ్చాడు.

కాటాయన అన్నది ఆయన పేరు కాదు. రాళ్ళ క్వారీ గేటు పక్కన లారీలు తూచే కాటా దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు గుమాస్తాగా కూర్చున్నందుకు డ్రైవర్లు పెట్టిన పేరు. ఇప్పుడు అరవై ఆరేళ్ళు. ఆరడుగుల మూడు అంగుళాలు. ఏ గుమ్మంలోకి వెళ్ళినా ముందు తల వంచి, తర్వాత భుజాలు పక్కకి తిప్పుకునే అలవాటు. ఎడమ కన్ను మసకబారాక కారు నడిపే లైసెన్సు పోయింది. తొక్కుతూ ఉంటే మోటారు సాయం పట్టే సైకిలుకి లైసెన్సు అడగరు. అందుకే సైకిలు.

కొండ మీద, పదకొండు కిలోమీటర్ల దూరంలో, ఐదు నెలలుగా ఆయన భార్య విడిగా ఉంటోంది.

ఆమె టైలరు. గొడవ పడి వెళ్ళలేదు. ఒక పొద్దున కుట్టుమిషనుని వ్యానులోకి ఎక్కించి, పిన్ని వదిలిపోయిన రెండు గదుల ఇంటికి మారిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "రావాలనిపిస్తే మీ అంతట మీరు రండి. ఎవరి కారులోంచో సామానులా దిగకండి," అంది. ఆయన దిగాడు. కూతురు కారులో మూడు ఆదివారాలు వెళ్ళి, మూడుసార్లూ సామానులాగే దిగాడు. భార్య వరండాలో కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, కూతురితో మాట్లాడింది. లోపలికి రమ్మనలేదు. మూడోసారి తిరిగి కారెక్కుతుంటే, "సామాను జాగ్రత్తే," అని కూతురితో నవ్వుతూ అంది. ఆ నవ్వు కొండ దిగినంతసేపూ ఆయన చెవిలోనే ఉంది.

ఇక ఈ బుధవారం మధ్యాహ్నం సంగతి.

దుకాణం నడిపేది నలభై దాటిన ఒక మెకానిక్. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గోళ్ళ చివర్లలో గ్రీజు నల్లటి గీతల్లా స్థిరపడిపోయింది. తెగిన స్పోకుని వెలుతురుకేసి పెట్టి, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.

"ఇవి ఊరికే తెగవు సార్. మీరెంత బరువన్నారు?"

"నూట ఇరవై."

"బండి ఇరవై ఆరు. రెండూ కలిపితే నూట నలభై ఆరు. దీని మీద రాసి ఉన్నది నూట యాభై."

"నేనూ అదే లెక్క వేశాను," అన్నాడు కాటాయన. "చాలామంది ఆ నూట యాభై అంతా మనిషికే అనుకుంటారు. ఖాళీ బండి బరువు అందులో కలిసే ఉంటుందని గుర్తుండదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నడుము కొంచెం నిటారైంది. గాజు కిటికీ వెనక కూర్చుని చీటీ కొట్టి ఇచ్చిన రోజుల గొంతు అది.

"అయితే లెక్క సరిగ్గానే ఉంది. స్పోకులకే లెక్కలు రావు కాబోలు," అంది వెంట వచ్చిన కూతురు.

ఆమె ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. సూది గుచ్చేటప్పుడు చూపే శాంతమే ఆమెకి మాట్లాడేటప్పుడు కూడా ఉంటుంది. పొద్దుటి నుంచీ తండ్రిని మళ్ళించాలని చూస్తోంది. సైకిలు వద్దంది. మోకాలు అంది. పడితే లేపడానికి నలుగురు కావాలంది. ఇప్పుడు తెగిన స్పోకులు ఆమె పక్షాన సాక్ష్యం చెబుతున్నాయి.

"ఆ నూట ఇరవై ఎప్పటి మాట సార్?" అని అడిగింది మెకానిక్.

"ఆరేళ్ళ కిందట. రిటైరైన రోజు."

"దేని మీద తూచుకున్నారు?"

కాటాయన గోడకి వేలాడుతున్న రిమ్ముల వంక చూశాడు. జవాబు ఆయనకి తెలుసు. ఆరేళ్ళుగా ఆ జవాబు పక్కనుంచి తల తిప్పుకుని నడుస్తున్నాడని మాత్రం ఆ క్షణం దాకా తెలియదు.

ఆ రోజు సాయంత్రం ఆఖరి లారీ వెళ్ళిపోయాక గేటు వేసి, అరవై అడుగుల ఇనప పలక మీదికి ఒంటరిగా నడిచి వెళ్ళాడు. పలక నడిమధ్యలో నిలబడ్డాడు. ఎదురుగా బోర్డు మీద జానెడేసి ఎర్ర అంకెలు వెలిగాయి. నూట ఇరవై. బాగానే ఉందనుకున్నాడు. గుండ్రటి అంకె, మనిషికి మర్యాదైన అంకె. దాన్ని జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ తర్వాత ఏ డాక్టరు అడిగినా, ఏ ఫారం నింపినా జేబులోంచి అదే తీసి ఇచ్చాడు.

"క్వారీ కాటా మీద," అన్నాడు చివరికి.

మెకానిక్ స్పోకుని బల్ల మీద పెట్టింది. "లారీలు తూచేదా?"

"అదే."

"ఎన్ని టన్నులది?"

"నలభై."

"నలభై టన్నుల కాటా మీద మనిషిని తూచారా?" ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే విన్నాను గానీ... అది కిలో కిలోకీ చూపిస్తుందా?"

"ఇరవై కిలోలకి ఒక మెట్టు."

"అంటే?"

ఆ మెట్టు అంటే ఏమిటో ఆయన వందలమంది డ్రైవర్లకి విడమరిచి చెప్పాడు. ఇప్పుడూ చెప్పాడు, కానీ గొంతు తనది కానట్టుంది. "నూట పది ఉన్నా నూట ఇరవై అంటుంది. నూట ఇరవై తొమ్మిది ఉన్నా నూట ఇరవయ్యే అంటుంది. అసలు నాలుగు వందల కిలోల లోపు దాని మీద తూచకూడదు. గోడ మీద రాసి ఉంటుంది."

"ఎవరు రాశారు?" అంది కూతురు.

"నేనే."

కూతురు ఒక్క క్షణం ఆయన్ని చూసి, "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందట," అంది. తర్వాత తనే నాలిక కరుచుకుంది.

కాటాయనకి కోపం రాలేదు. కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. ఇరవై కిలోల మెట్టు మధ్యలో ఒక మనిషి ఎంత హాయిగా దాక్కోవచ్చో అనిపించింది. లారీ డ్రైవరు ఒక్క మెట్టు దాచినా గాజు కొట్టి అరిచిన వాడు, తన కోసం ప్రపంచంలోని కాటాలన్నిట్లోకీ మొద్దు కాటాని ఎంచుకున్నాడు. పొరపాటున ఎంచుకోలేదు. చేయి తనంతట తాను వెళ్ళి దాన్ని పట్టుకుంది.

పెళ్ళైన పదో ఏటో పన్నెండో ఏటో భార్య అన్న మాట ఒకటి గుర్తొచ్చింది. బటన్ కుడుతూ, దారం పంటితో తెంపి అంది, 'మీరు వచ్చినవాళ్ళందరికీ చీటీ ఇస్తారు. మీ చీటీ మాత్రం ఎవరికీ చూపించరు.' అప్పుడు అది సరదా మాట అనుకున్నాడు.

"వెనక గదిలో పార్సిళ్ళు తూచే కాటా ఉంది," అంది మెకానిక్. "అర కిలో కూడా తేడా రాదు. ఎక్కుతారా సార్?"

"అవసరం లేదమ్మా. నూట ఇరవై తొమ్మిదే అనుకుని బండి చూపించు."

"నేను అనుకోను సార్. కొండ దిగేటప్పుడు బ్రేకు పట్టాల్సింది మీ బరువుని. నా అంచనాని కాదు."

"వద్దులే నాన్నా," అంది కూతురు చటుక్కున. "ఎందుకీ తిప్పలు? ఆదివారం ఆదివారం నేను తీసుకెళ్తూనే ఉన్నాగా."

"నువ్వు తీసుకెళ్తే అది నేను వెళ్ళడం కాదే తల్లీ."

"అమ్మ ఏదో మాటవరసకి అంది. దాన్ని పట్టుకుని వేలాడుతున్నావు."

"మీ అమ్మ గుడ్డ ముక్క కూడా వరసకి కత్తిరించదు."

కూతురు ఇంకేదో అనబోయి ఆగింది. ఆ ఆగడం కాటాయన చూశాడు గానీ పట్టించుకోలేదు. ఆయన మనసు అప్పటికే వెనక గది వైపు నడుస్తోంది. మూడు ఆదివారాలు సామానులా దిగినవాడు నాలుగోసారి తన కాళ్ళతో దిగాలంటే ముందు ఈ నాలుగడుగుల గదిలోకి వెళ్ళాలి. అంతకంటే దగ్గర దారి ఉంటే ఈపాటికి దొరికేది.

గదిలో అట్టపెట్టెలు, గాలి తీసిన ట్యూబులు, పాత చైన్లు వేసిన డబ్బా. మూలగా నేల మీద నలుపు రబ్బరు పరిచిన చిన్న పలక. ఆయన చెప్పులు విప్పాడు. చొక్కా జేబులోంచి కళ్ళజోడు, తాళాలు తీసి కూతురి చేతికిచ్చాడు. ఖాళీ బండి బరువు తీసేస్తున్నట్టే ఉంది ఆ పని, వరసగా, తొందర లేకుండా. పలక మీద కుడి కాలు పెట్టాడు, ఎడమ కాలు పెట్టాడు. ఊపిరి బిగబట్టాడు.

అంకెలు తడబడి నిలిచాయి. నూట ముప్పై ఒకటి.

"సార్," అంది మెకానిక్ మెల్లగా. "మడమ బయట ఉంది."

కిందికి చూశాడు. ఎడమ మడమ పలక దాటి సిమెంటు నేల మీద ఆని ఉంది. తను పెట్టలేదు. మడమే వెళ్ళి అక్కడ కూర్చుంది.

ఆ కిటుకు ఆయనకి కొత్త కాదు. లోడు ఎక్కువైన లారీవాళ్ళు వెనక చక్రాన్ని పలక అంచు మీద, సగం లోపల సగం బయట, ఆపి అమాయకంగా బీడీ వెలిగించుకునేవాళ్ళు. గాజు కొట్టి, 'చక్రం లోపలికి!' అని అరిచేవాడు. వాళ్ళని దొంగలనుకునేవాడు. వాళ్ళలో కొందరికైనా చక్రం ఎక్కడ ఆగిందో నిజంగా తెలియదేమోనని ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారీ అనిపించలేదు.

"చక్రం లోపలికి," అన్నాడు తనకి తానే, పైకే. మడమ లోపలికి లాక్కున్నాడు.

అంకెలు మళ్ళీ తడబడ్డాయి. మెకానిక్ అంకె కేసి చూడకుండా గోడ కేసి చూస్తోంది, అది ఆమె మర్యాద. కూతురు తాళాల గుత్తిని గట్టిగా పట్టుకుంది.

కాటాయన కళ్ళజోడు లేకుండానే వంగి చూశాడు. కిటికీలోంచి డ్రైవరుకి వినబడేలా చదివే గొంతుతో, ఒక్కో అంకెనీ నిలబెట్టి చదివాడు. "నూట ముప్పై ఎనిమిది. రాసుకోమ్మా."

పలక దిగాడు. ఆరేళ్ళు మోసిన భయం పదెనిమిది కిలోలదని తెలిశాక అది మోయదగ్గ బరువే అనిపించింది.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "నూట ముప్పై ఎనిమిది కిలోల ముసలాడికి, ఎడమ మోకాలు సగమే వంగేవాడికి, రోజూ పదకొండు కిలోమీటర్లు కొండెక్కి దిగే బండి కావాలి. ఉందా లేదా?"

"రోజూనా?" అంది కూతురు.

"రోజూ."

మెకానిక్ మొహం మారింది. ఇప్పుడు ఆమె ముందు నిలబడింది జాలి పడాల్సిన మనిషి కాదు, చేయదగ్గ పని. ఆయన్ని గోడకి ఆనించి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకం నిలువుగా పెట్టి పైకి లాగమంది. పుస్తకం వీపు దగ్గర గోడ మీద పెన్సిలు గీత గీసి టేపు పెట్టింది.

"కాలి లోపలి పొడవు ముప్పై ఐదు అంగుళాలు. అబ్బో, కాళ్ళే మనిషంతా. సీటు కింది గొట్టాన్ని పైకి లాగి సరిపెడదామని చూడకండి. ఎక్కువ లాగితే మీ కింద చిల్లపెంకులా విరుగుతుంది. ఫ్రేమే పెద్దది కావాలి."

"మోటారు పెద్దదైతే చాలదా?"

"అందరూ అదే అడుగుతారు. బరువుకి ముందు లొంగేది మోటారు కాదు సార్, వెనక చక్రం. స్పోకులు ముప్పై ఆరు ఉండాలి, లావువి. టైరు రెండు వేళ్ళ వెడల్పుకి తగ్గకూడదు. ఇక మోటారంటారా, అది చక్రంలో ఉంటే మీ కొండ మీద సగం దారిలో వేడెక్కి అలిగి కూర్చుంటుంది. పెడళ్ళ దగ్గర ఉంటే గేర్లతో కలిసి లాగుతుంది."

"బ్రేకులు?"

"నూనె బ్రేకులు. వైరువి మీకు పనికిరావు. కొండెక్కలేని బండి మిమ్మల్ని ఆలస్యం చేస్తుంది, అంతే. ఆగలేని బండి ఇంకెప్పుడూ ఆలస్యం కాకుండా చేస్తుంది."

కూతురు కళ్ళు మూసుకుంది. కాటాయన మాత్రం తల ఊపాడు. ఈ మనిషి మాటలు ఆయనకి నచ్చాయి. వీటిలో తీపి లేదు.

నల్లటి బండి ఒకటి ముందు దించారు. ఫ్రేము పెద్దదే, చక్రాలు గట్టివే. నడుం ఎత్తున అడ్డంగా గొట్టం ఉంది. కాటాయన కుడి కాలు వెనక నుంచి తిప్పి ఎక్కబోయాడు. బరువంతా ఎడమ మోకాలు మీద పడింది. కాలు సీటు మీద సగం దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది, అటూ పోదు, ఇటూ రాదు. తలుపులో ఇరుక్కున్న బీరువాని దించినట్టు ఇద్దరూ పట్టుకుని దించారు.

తర్వాత ఎర్రది. దీనికి మధ్యలో గొట్టం కిందికి వంగి ఉంది, గుమ్మం దాటినట్టు దాటి కూర్చోవచ్చు. కూర్చున్నాడు. దుకాణం ముందు పది గజాలు తొక్కాడు. తొక్కిన ప్రతిసారీ మోకాళ్ళు హ్యాండిల్‌ని గుద్దుతున్నాయి.

"నాన్నా, సర్కసులో ఎలుగుబంటిని చూశావా?" అంది కూతురు.

"చూశాను. దానికి జీతం ఇస్తారు."

కూతురు నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. ఆ నవ్వులో ఆమె చిన్నప్పటి మొహం ఒక్కసారి కనబడి మాయమైంది. ఆయన ఎర్ర బండిని స్టాండు వేసి, దుకాణం అంతా ఒకసారి కలియజూశాడు. మూలన, టార్పాలిన్ కింద, మిగతా వాటికంటే జానెడు పొడుగ్గా ఏదో ఉంది.

"అదేంటి?"

"అది కాదు సార్."

"ఏం?"

"సామాను బండి. వెనక వైపు పొడుగు. అమ్మకానికి లేదు, వేరేవాళ్ళు ఆపి ఉంచమన్నారు."

"మొత్తం బరువెంత రాసి ఉంది?"

మెకానిక్ ఒక క్షణం తటపటాయించింది. "రెండు వందల పది."

"బండి?"

"ముప్పై ఎనిమిది."

నూట డెబ్బై రెండు మిగులుతుంది. కాగితం అక్కర్లేకుండానే ఆ అంకె వచ్చి ఆయన ముందు నిలబడింది. "కొననులే. ఒక్కసారి కూర్చుని చూస్తాను. సరిపోతే ఇలాంటిదే ఇంకోటి తెప్పిద్దువుగాని."

ఆమె టార్పాలిన్ లాగింది. బూడిద రంగు బండి. అందం గురించి ఎవరూ ఆలోచించి చేసినట్టు లేదు, మోయడం గురించే ఆలోచించారు. నడుమ కిందికి వంగి ఉంది. వేళ్ళంత లావు గొట్టాలు కాదు, మణికట్టంత లావువి. మెకానిక్ సీటు నాలుగు వేళ్ళు పైకి లేపి బిగించింది. కాటాయన గుమ్మం దాటినట్టు దాటి కూర్చున్నాడు.

మోకాళ్ళు దేనికీ తగల్లేదు. చేతులు ఎక్కడ ఉండాలో అక్కడికే వెళ్ళాయి. జీవితంలో కుర్చీలు, బస్సు సీట్లు, బల్లలు, మంచాలు అన్నీ ఆయన్ని సర్దుకోమన్నాయి. ఇది అడగలేదు. ఆయన ఎత్తు సందులోకి తిప్పాడు. ఇందాక స్పోకులు తెగిన చోటు దాటాడు, సందు చివర దాకా వెళ్ళాడు, పైన ఒక కాలు ఆన్చి ఆగి, కిందికి దిగుతూ సగంలో కావాలనే బ్రేకు పట్టాడు. బండి ముక్కు కూడా వంచకుండా నిలబడింది.

దుకాణం ముందు ఆగేసరికి ఆయన మొహం మీద ఐదు నెలల నుంచీ లేనిదేదో ఉంది.

"ఇదే," అన్నాడు. "ఎన్నాళ్ళలో వస్తుంది ఇలాంటిది?"

"మూడు నెలలు."

ఆయన హ్యాండిల్ మీద చేయి వేశాడు. అక్కడ దారంతో కట్టిన అట్టముక్క ఒకటి వేళ్ళకి తగిలింది. ఆపి ఉంచిన వాళ్ళ చీటీ. ఊరికే తిప్పి చూశాడు. చీటీ కనబడితే తిప్పి చూడడం ఆయన వృత్తి.

'మూడు' అంకె తల బల్లపరుపుగా ఉంది. సుద్దముక్కతో గుడ్డ మీద రాయడం అలవాటైన చేయి అలా రాస్తుంది. ముప్పై నాలుగేళ్ళు చూసిన అంకె అది.

ముందు ఆయనలో ఏదో వెచ్చగా కదిలింది. వచ్చిందన్నమాట. నాకు చెప్పకుండా వచ్చి, నాకోసం పెద్ద బండి ఆపించిందన్నమాట. రమ్మన్నది నిజంగానే అన్నమాట. తర్వాత, ఆనందాన్ని కూడా తూచకుండా వదలని పాత గుమాస్తా, చీటీని మొదటి వరస నుంచి చదివాడు.

మనిషి ఎత్తు: ఆరడుగుల ఒకటి. వయసుతో పాటు కుంగి ఉంటానని రాసిందేమో అనుకున్నాడు. బరువు: నూట నాలుగు. పదిహేనేళ్ళ కిందట అంత ఉండి ఉంటాను, ఆమె గుర్తులో నేనింకా అంతే అనుకున్నాడు. కాలి లోపలి పొడవు: ముప్పై మూడు.

అక్కడ ఆగిపోయాడు.

బరువు మారుతుంది. కాలి పొడవు మారదు. ఆయన ప్యాంట్లన్నీ ఆమే కుట్టింది, ఒక్కటి కూడా బజార్లో కొన్నది లేదు. ముప్పై ఐదు అన్న అంకె నిద్రలో అడిగినా చెబుతుంది. ఆమె కొలత తప్పడం అంటూ లేదు.

ఆఖరి వరస ఇంకొకటి ఉంది: వెనక మెత్తటి సీటు బిగించాలి. కూర్చునే మనిషి యాభై నాలుగు కిలోలు.

ఆ యాభై నాలుగు తన భార్యేనని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది ఆపించింది ఎవరమ్మా?" అని అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది.

"ఎవరో టైలరమ్మ సార్. కొండ మీద నుంచి. తొక్కే ఆయన్ని కూడా తీసుకురండి, కొలతలు తీసుకోవాలి అన్నాను. 'అక్కర్లేదు, ఆయన కొలతలు నాకు తెలుసు' అంది."

కాటాయన కూతురి వైపు తిరిగాడు. ఆమె ఆయన తాళాల గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది. సూది గుచ్చేటప్పటి శాంతం ఆ మొహంలో లేదు.

"ఆదివారాలే ఎందుకు తీసుకెళ్ళేదానివి?" అన్నాడు.

"ఇంటికి వెళ్దాం పద నాన్నా."

"అడిగిందానికి చెప్పు."

ఆమె చెప్పలేదు. చెప్పకపోవడం కూడా ఒక అంకెలాగే ఆయన ముందు వెలిగింది. ఆయన దాన్ని చదివాడు. మెట్టు మధ్యలో దాక్కోవడానికి ఇక్కడ కూడా చోటుంది: చీటీ చూడలేదనుకోవచ్చు, మూడు నెలలు ఆగి కొత్త బండి తెచ్చుకోవచ్చు, ఆదివారం వరండా కుర్చీలో మంచినీళ్ళు తాగి రావచ్చు. మడమ బయటికి జరగడం ఎంత సులువో ఆయనకి ఇప్పుడు తెలుసు.

కూతురి చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని పెట్టుకున్నాడు.

"ఛార్జి ఎంత ఉందమ్మా ఇందులో?"

"నిండుగానే ఉంది," అంది మెకానిక్ అయోమయంగా.

"పదకొండు కిలోమీటర్లు ఎక్కుతుందా?"

"రెండుసార్లు ఎక్కుతుంది. కానీ సార్, అది వేరేవాళ్ళ బండి."

"తెలుసమ్మా. వాళ్ళ ఇంటికే తీసుకెళ్తున్నాను."

పెడలు మీద కాలు వేశాడు. మోటారు నిశ్శబ్దంగా అందుకుంది. రోడ్డు మలుపు దగ్గర, కొండ మొదలయ్యే చోట, వెనక నుంచి చెప్పుల చప్పుడు, దాని వెంటే కూతురి గొంతు వినబడ్డాయి.

"నాన్నా, ఆగు! ఇవాళ వద్దు నాన్నా! బుధవారాలు ఆయన అక్కడే ఉంటాడు!"

కాటాయన బ్రేకు మీద నుంచి వేళ్ళు తీసేశాడు.